న్యూరాలజీ వైద్యులకు: ఆఖరి రెండు నిమిషాలు మాకివ్వండి

న్యూరాలజీ వైద్యులందరికీ నమస్కారం.

మీ ఓపీకి వచ్చేవాళ్లలో మాలాంటివాళ్లని మీరు ఇట్టే పట్టేస్తారు. నడక బాగానే ఉంటుంది, పిడికిలి గట్టిగానే ఉంటుంది, ఫోన్లో మాత్రం పిక్క అదురుతున్న వీడియో ఉంటుంది. "ఏమిటి ఇబ్బంది?" అని మీరు అడిగీ అడగకముందే "ఏఎల్ఎస్ ఏమోనని భయంగా ఉంది డాక్టరు గారూ" అనేస్తాం. కదలికను నడిపే నాడీకణాలు చచ్చిపోయి, కండల బలం తగ్గుతూ పోయే జబ్బు అది. నిజంగా ఆ జబ్బుతో వచ్చేవాళ్లలో చాలామంది ఆ పేరే విని ఉండరు. కాలి నుంచి చెప్పు జారిపోతోందనో, తాళం తిప్పలేకపోతున్నాననో చెబుతారు. ఈ తేడా మీకు గదిలో అడుగుపెట్టిన క్షణంలోనే తెలిసిపోతుంది. అయినా పద్ధతి ప్రకారం సుత్తితో కొట్టి చూస్తారు, చేతులూ కాళ్లూ నెట్టించి చూస్తారు, "ఏం లేదు, వెళ్లిరండి" అంటారు. మీరన్నది నిజమే. అయినా నెల తిరక్కముందే మేం ఇంకో డాక్టరు గుమ్మంలో ఉంటాం.

అలా ఎందుకు జరుగుతుందో మీకు చెబుదామనే ఈ ఉత్తరం. నేనూ ఆ వరసలో నిలబడినవాణ్నే. మిమ్మల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ మీరు ముగిసిందనుకునే చోట మా పని ఇంకా సగంలోనే ఉంటుందని మీలో కొందరికైనా తెలియాలి.

ముందు, మీ గదిలోకి రాకముందు మా ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. బాత్రూం తలుపు గడియ పెట్టుకుని, అద్దం ముందు నాలుక చాపి, ఫోన్ టార్చి వేసి చూస్తాం. చాపిన నాలుక ఎవరిదైనా కాస్త వణుకుతుంది. నోట్లో వదులుగా పడి ఉన్నప్పుడే చూడాలని మీకు తెలుసు, మాకు తెలియదు. అంచున పళ్ల గుర్తులు కనిపిస్తే కండ కరిగిపోతోందని ఖాయం చేసుకుంటాం. తర్వాత రెండు పిక్కల చుట్టూ టేపు పెడతాం. కుడిదానికీ ఎడమదానికీ కాస్త తేడా ఉండటం మామూలేనని ఎవరూ చెప్పరు కాబట్టి, ఆ కాస్త తేడాతో రాత్రంతా గడుపుతాం. బొటనవేలి కింది కండలో గుంట పడిందా అని రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీస్తాం, పాత ఫొటోలతో పోల్చుతాం. వరండాలో మడమల మీద నడుస్తాం, మునివేళ్ల మీద నడుస్తాం. ఒంటికాలి మీద లేస్తాం. ఇరవై సార్లు లేస్తే ఏ కాలైనా అలసిపోతుంది, అలసిన కండ మరింత అదురుతుంది, అదిరితే మళ్లీ లేచి చూస్తాం. మాట ముద్దగా వస్తోందేమోనని ఒకే పేరా రోజూ చదివి రికార్డు చేసుకునేవాళ్లున్నారు. తమ గొంతు రికార్డింగులో విన్న ఎవరికైనా అది తమది కానట్టే అనిపిస్తుంది కదా!

భయం వల్ల ఊపిరి వేగంగా, పైపైన పీలుస్తాం. అందువల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, రక్తం క్షారత్వం వైపు జరుగుతుంది, నరాలు తొందరగా రెచ్చిపోయే స్థితికి వస్తాయి. వేళ్లకీ పెదాలకీ తిమ్మిరి, కండల్లో అదురు. అంటే జబ్బుందేమోనన్న భయమే జబ్బు ఆనవాళ్లలాంటివి తయారుచేసి మన చేతిలో పెడుతుంది. ఈ ఒక్క సంగతి నాకు మొదటి డాక్టరే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. పైగా చేతులకూ కాళ్లకూ తిమ్మిర్లెక్కడం ఏఎల్ఎస్ మొదలయ్యే తీరు కాదు, ఆ జబ్బు ప్రధానంగా కదలికను నడిపే నాడీకణాలను దెబ్బతీస్తుంది, స్పర్శను నడిపేవాటిని కాదు. ఇది మీకు మొదటి సంవత్సరం పాఠం. మా చెవిన వేసినవాళ్లు లేరు.

ఇక మీ "ఏం లేదు" సంగతి. దీన్ని మేం ఎలా వింటామో తెలుసా? "ఇప్పటికి ఏం లేదు" అని. మీరు మర్యాదకో అలవాటుకో "అలా అనిపించడం లేదండీ" అంటే, "అనిపించడం" దగ్గర ఆగిపోతాం. "ఆరు నెలల తర్వాత ఒకసారి కనపడండి" అంటే ఆ ఆరు నెలలూ మాకు విచారణ ఖైదు. బయటికొచ్చి లిఫ్ట్ ఎక్కేవరకు గుండె తేలిగ్గా ఉంటుంది, కింద దిగేసరికి "నాలుక సరిగ్గా చూశారా? ఎడమ కాలు నెట్టించారా?" అని మొదలవుతుంది. ఆరోగ్య భయం మీద పనిచేసిన పరిశోధకులు పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ 1986లోనే ఈ తీరు మీద రాశారు. ధైర్యం చెబితే భయం కాసేపు తగ్గి మళ్లీ పెరుగుతుందనీ, ఆ కాసేపటి ఊరట కోసమే మనిషి మళ్లీమళ్లీ అడుగుతాడనీ. అందుకే మిమ్మల్ని ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త ప్రేమగా "ఏం లేదు" అనమని నేను అడగడం లేదు. అది ఎన్నిసార్లు పోసినా చిల్లు కుండలో నీళ్లే.

నేనడిగేది కారణం. మీరేం చూశారు, అందులో ఏం కనపడలేదు, కనపడకపోతే దాని అర్థం ఏమిటి, ఇదంతా నోటితో చెప్పండి. పరీక్ష చేస్తున్నప్పుడే చెబితే అదనంగా సమయం కూడా పట్టదు. "ఈ పాదం పైకెత్తి పట్టుకోండి, నేను కిందికి నొక్కుతాను. చూశారా, వంచలేకపోయాను. నీరసంగా అనిపించడం వేరు, కండకి బలం లేకపోవడం వేరు. మీకున్నది మొదటిది." ఈ నాలుగు మాటలు ఏ రిపోర్టుకన్నా ఎక్కువ కాలం గుర్తుంటాయి. అరికాలు గీసినప్పుడు బొటనవేలు ఎటు వంగితే మంచిదో చెప్పండి. నాలుక నోట్లోనే ఉంచమని ఎందుకన్నారో చెప్పండి. అలా చెబితే ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడ్డప్పుడు మా పరీక్ష తప్పని మాకే అర్థమవుతుంది.

అంకెలు కూడా చెప్పండి, కానీ అంకెలతో ఆపేయకండి. ఐరోపా, ఉత్తర అమెరికా లెక్కల్లో ఏఎల్ఎస్ ఏటా లక్షమందిలో సుమారు ఇద్దరికి కొత్తగా వస్తుంది. ఎక్కువగా యాభై దాటాకే. ఇది వినగానే మా బుర్రలో ఎవరు మెదులుతారో ఊహించండి: భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్. 1963లో ఆయనకు జబ్బు బయటపడేనాటికి 21 ఏళ్లే. లక్షలో ఇద్దరన్నప్పుడు మిగతా 99,998 మందిలో తానుంటానని భయపడ్డ మనిషి ఎన్నడూ అనుకోడు. అందుకే జబ్బు ఎంత అరుదో చెప్పేకన్నా, అదురు ఎంత మామూలో చెబితే మాకు ఎక్కువ పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఏదో ఒకప్పుడు కండ అదిరిన అనుభవం ఉంటుంది. పిక్కలో మరీ ఎక్కువ. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, ఒళ్లు అలిసేలా వ్యాయామం చేసినా అదురుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి అదురు తప్ప వేరే ఏమీ లేని 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల వరకు గమనించి 1993లో ఫలితం ప్రచురించారు. వాళ్లలో ఒక్కరికీ ఏఎల్ఎస్ రాలేదు. 32 ఏళ్లు! ఇంత పాత, ఇంత మంచి వార్త మీ పుస్తకాల్లోనే ఎందుకు ఉండిపోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

అంతకన్నా ముఖ్యం, జబ్బు పనిచేసే తీరు. దీన్ని ఎవరైనా ఓపిగ్గా ఒకసారి చెప్తే భయం వేరే మనిషిలా మాట్లాడుతుంది. ఒక్కో మోటార్ న్యూరాన్, అంటే కదలికను నడిపే నాడీకణం, తన కింద కొన్ని కండపోగులను పెట్టుకుని నడుపుతుంది. ఏఎల్ఎస్‌లో ఆ కణం చచ్చిపోతే పోగులు దిక్కులేనివవుతాయి, పక్క కణాలు కొమ్మలు చాచి వాటిని దత్తత తీసుకుంటాయి. ఈఎంజీ (కండలోని విద్యుత్ సంకేతాలను సూదితో చూసే పరీక్ష) సూది కండలోకి వెళ్లినప్పుడు వినిపించే, తెర మీద కనిపించే గుర్తులు ఆ దిక్కులేని పోగులవీ, ఆ దత్తతలవీ. ఆ జబ్బులో అదురు ఆ విధ్వంసంలో ఒక భాగం, దానితోపాటు బలం తగ్గడం, కండ సన్నబడటం నడుస్తాయి. మా పిక్కలో అదిరేది ప్రాణంతో ఉన్న నరమే. అది అకారణంగా ఒకసారి చిటికె వేస్తుంది, అంతే.

ఇది తెలిస్తే "నేను మరీ తొందరగా పరీక్ష చేయించుకున్నానేమో, అందుకే సూదిలో ఏం పడలేదేమో" అనే మా పెద్ద అనుమానానికి కూడా జవాబు దొరుకుతుంది. ఏ చెయ్యి బలహీనపడిందని నేను భయపడుతున్నానో ఆ చేతి కండలోనే సూది శుభ్రంగా ఉండి, మీ సుత్తి కింద రిఫ్లెక్సులు కూడా మామూలుగా ఉంటే, నాకనిపిస్తున్న బలహీనత ఏఎల్ఎస్ తెచ్చినది కాదు. ఈ వాక్యం నాకు ఎవరూ చెప్పలేదు. చాలా ఆలస్యంగా, ఒక సైకాలజిస్టు ఒత్తిడి మీద, నేనే ఒక డాక్టరు గారిని సూటిగా అడిగి రాబట్టుకున్నాను.

పరీక్షల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నన్ను చూసిన ఒకాయన "మీ తృప్తి కోసం రాస్తున్నాను" అంటూ ఎంఆర్ఐ రాశారు. తృప్తి ఎవరికి కలిగిందో గానీ నాకు కలగలేదు. డాక్టరు పరీక్ష రాశారంటే ఏదో అనుమానం ఉన్నట్టే కదా అని మొదలై, రిపోర్టులో నా వయసువాళ్లలో సగంమందికి ఉండే మెడ డిస్కు మార్పు ఒకటి కనిపించి, దాని వెంట ఇంకో కథ నడిచింది. పెద్ద జబ్బు ఉండే అవకాశం తక్కువగా ఉన్నప్పుడు చేసే పరీక్షలు మనిషికి ఎంత ఊరటనిస్తాయో చూడటానికి 14 ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన సమీక్ష ఒకటి 2013లో వచ్చింది. ఆందోళన మీద వాటి ప్రభావం దాదాపు లేదని తేలింది, తర్వాత డాక్టర్ల దగ్గరికి వెళ్లడం మాత్రం కొద్దిగా తగ్గింది. వైద్యం కోసం పరీక్ష అవసరమైతే ఒకసారి సరిగ్గా చేయండి. శాంతింపజేయడానికైతే దయచేసి వద్దు. మేం బతిమాలతాం, కళ్లనీళ్లు పెట్టుకుంటాం, అయినా వద్దు. ఎందుకు వద్దో మాత్రం చెప్పండి.

ఇంకొకాయన నవ్వి, "గూగుల్ చూడటం మానండి" అన్నారు. సలహా మంచిదే. 2009లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రయెన్ వైట్, ఎరిక్ హోర్విట్జ్ ఇంటర్నెట్ వెతుకులాట మామూలు లక్షణాన్ని పెద్ద జబ్బుల దాకా ఎలా లాక్కెళ్తుందో పరిశీలించినప్పుడు తీసుకున్న మూడు ఉదాహరణల్లో కండరం అదరడం ఒకటి, తలనొప్పీ ఛాతీనొప్పీ మిగతా రెండు. కాబట్టి ఆయనన్నదాంట్లో తప్పేం లేదు, ఆ నవ్వే మిగిలిపోయింది. తెలివితక్కువతనం వల్ల ఈ భయం పట్టుకుంటుందని మీలో ఎవరికైనా ఉంటే, మీ వృత్తివైపే చూసుకోండి. కండ అదిరిందని హడలిపోయిన డాక్టర్ల గురించే 2013లో ఒక వ్యాసం వచ్చింది, దానికి ప్రత్యేకంగా పేరు కూడా పెట్టారు. ఏఎల్ఎస్ గురించి ఎంత తెలిస్తే అంత భయం. మెడిసిన్ చదివే పిల్లలనడగండి, ఏ పాఠం నడుస్తుంటే ఆ జబ్బు ఒంట్లో ఉన్నట్టుంటుందని వాళ్లే చెబుతారు.

ఇక్కడ ఇంకోవైపు కూడా ఒప్పుకోవాలి. ఈ భయం గాల్లోంచి ఊడిపడలేదు. నిజంగా ఏఎల్ఎస్ వచ్చినవాళ్లకు మొదటి లక్షణం నుంచి నిర్ధారణ వరకు సగటున ఏడాది దాకా పడుతోంది. మధ్యలో వాళ్లకీ "ఏం లేదు" అని చెప్పినవాళ్లు ఉంటారు. ఆ తర్వాత చాలామందికి మిగిలేది కొన్ని ఏళ్లే. మీ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న మనిషి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే, నా ఫైలు ఒళ్లో పెట్టుకుని తల దించుకున్న రోజు ఉంది. కాబట్టి మమ్మల్ని చూడకుండా పంపించేయమని అడగడం లేదు. ఒక్కసారి, మొదటిసారి, పూర్తిగా చూడండి. బట్టలు సర్దుకుని కండలు చూపించమనండి, సాక్సులు విప్పించండి. సగం సగం చూసిన పరీక్ష మా చేతికి ఆయుధం ఇచ్చినట్టే.

మేం గ్యారంటీ అడుగుతాం. "ఎప్పటికీ రాదని చెప్పండి" అంటాం. ఇవ్వకండి, మీ చేతిలో లేనిది ఇవ్వబోతే అందులోని అబద్ధం మేం పసిగడతాం. "ఈ రోజు మీకు ఆ జబ్బు లేదు. రేపటి గురించి మీకున్న అనిశ్చితే నాకూ ఉంది, బయట కూర్చున్న అందరికీ ఉంది" అనండి. చేదుగా ఉంటుంది, కానీ నిలబడుతుంది.

ఆ తర్వాత చెప్పాల్సింది, మీలో ఎక్కువమంది చెప్పకుండా వదిలేసేది: మీకు ఏఎల్ఎస్ లేదు, కానీ ఏమీ లేకుండా లేదు, మీకున్నది ఆరోగ్యం గురించిన ఆందోళన, దానికి వైద్యం ఉంది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల వర్గీకరణ పుస్తకం, ఈ భయానికి ఉన్న పాత హైపోకాండ్రియాసిస్ అనే పేరు తీసేసి ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్, సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ అని రెండుగా విడదీసింది. ఏ పేరుతో పిలిచినా ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. స్వీడన్ జనాభా రికార్డులతో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, హైపోకాండ్రియాసిస్ నిర్ధారణ అయినవాళ్లలో ఆత్మహత్యలు మిగతావాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు ఉన్నాయి. చావంటే భయపడేవాళ్లు చావు వైపు వెళ్లరని అనుకోకండి. "ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా?" అని అడగడానికి మొహమాటపడకండి. అడిగినందుకు మేం కోపగించం, చాలాసార్లు ఎవరైనా అడుగుతారేమోనని చూస్తుంటాం.

వైద్యం ఉందని ఊరికే అనడం లేదు. బ్రిటన్‌లో మీ న్యూరాలజీతో సహా గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశ, ఎండోక్రైన్ క్లినిక్కులకు వచ్చే 444 మంది మీద సైకియాట్రిస్టు పీటర్ టైరర్ బృందం చేసిన ప్రయోగం 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆరోగ్య భయానికి తగ్గట్టు మార్చిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచననూ అలవాటునూ మార్చే మాటల వైద్యం) మామూలుగా ఇచ్చే వైద్యం కన్నా బాగా పనిచేసింది, ఆ మేలు ఐదేళ్లకీ మిగిలింది. శిక్షణ తీసుకున్న నర్సులు కూడా దాన్ని నడపగలిగారు. అందులో మనిషి చేసే పని వినడానికి చిన్నదే. టేపు పక్కన పెట్టడం, అద్దం ముందు నాలుక చాపకుండా సాయంత్రం దాకా ఆగడం, వెతకాలనిపించినప్పుడు వెతక్కుండా ఆ దడ దానంతటదే తగ్గేదాకా కూర్చోవడం. మొదటి వారం ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది. తర్వాత అదురు ఉంటుంది, దాని వెంట పరిగెత్తడం ఉండదు. కొందరికి మందులు కూడా అవసరమవుతాయి, అది సైకియాట్రిస్టు చూసుకుంటారు.

సైకియాట్రీకి రాసేటప్పుడు ఎలా రాస్తారన్నది చూసుకోండి. "నా దగ్గర పనేం లేదు, వాళ్ల దగ్గరికి వెళ్లండి" అంటే మెడపట్టి గెంటినట్టుంటుంది, ఆ చీటీ ఇంటికి చేరకముందే చెత్తబుట్టలో పడుతుంది. గుండెకి పంపినప్పుడు ఎలా చెబుతారో అలాగే చెప్పండి, ఎందుకు, ఎవరి దగ్గరికి, ఏం జరుగుతుంది అని. కొన్ని నెలలకోసారి మీ దగ్గరికీ రమ్మనండి, కొత్తగా ఏం అనిపించినా అనిపించకపోయినా ఆ తేదీకే రమ్మనండి. అదిరినప్పుడల్లా పరిగెత్తుకు రావడం ఆగేది అలాగే.

మాతో వచ్చినవాళ్లని బయట కూర్చోబెట్టకండి. ప్రతి రాత్రీ పిక్క ముందుకు చాపి "చూడు, సన్నబడిందా?" అని అడిగితే మా ఆవిడ ఎన్నిసార్లు "లేదండీ" అంటుంది, పాపం? విసుక్కుంటే నాకు కోపం, ఓపిగ్గా చెబితే మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. "ఇక నుంచి ఈ ప్రశ్నకి జవాబు చెప్పకండి, డాక్టరు వద్దన్నారనండి" అని మీరు ఆమెతో ఒక్క మాటంటే, రెండువైపులా భారం దిగుతుంది.

చివరిగా, మందుల చీటీ వెనక ఖాళీ ఉంటుంది కదా, అక్కడ రాయండి. ఏయే పరీక్షలు చేశారో, ఏం కనపడలేదో. దాని కింద, ఏం జరిగితే తేదీ కోసం ఆగకుండా రావాలో: పాదం పైకి లేవక నడుస్తూ తట్టుకుంటుంటే, బొత్తాం పెట్టుకోవడం లాంటి రోజూ చేసే పని వారాల తరబడి రానురానూ చేతకాకపోతుంటే, మాట ముద్దగా వస్తోందని మనకన్నా ముందు పక్కవాళ్లు అంటుంటే. ఆ తర్వాత, ఏం జరిగితే రానక్కర్లేదో: అదురు కొత్త చోటికి మారితే, ఒకేరోజు ఎక్కువగా వస్తే, తిమ్మిరెక్కితే, రాత్రి పిక్క పట్టేస్తే. ఈ రెండో పట్టికే మాకు ఎక్కువ అవసరం, దాన్ని పెద్ద అక్షరాలతో రాయండి. తేదీ వేసి సంతకం పెట్టండి. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఎప్పుడైనా బుద్ధి పుడితే, ముందు ఆ కాగితమే తీసి చూపిస్తాం.

ఇట్లు,
ఒక పేషెంటు